మోగించి చూడలేని రూపాయి

ఐదో జార్జి పేరున 1911లో కలకత్తా, బొంబాయి టంకశాలలు కొత్త వెండి రూపాయలు ముద్రించాయి. రాజుగారి అంగీ మీద ఒక పతకాల గొలుసు, ఆ గొలుసులో ఓ చిన్న ఏనుగు. అచ్చు చెక్కినవాళ్లు తొండాన్ని పొట్టిగా, ఒంటిని గుండ్రంగా దించారు. రూపాయి బజారులోకి వచ్చిన కొద్ది రోజులకే అది ఏనుగు కాదు, పంది అన్న మాట పాకిపోయింది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం దిగివచ్చి పంపిణీ ఆపింది. ముద్రించిన 94 లక్షల రూపాయల్లో జనం చేతికి చేరినవి దాదాపు 7 లక్షలే. మిగిలినవన్నీ మూసలోకి వెళ్లి కరిగిపోయాయి. మరుసటి ఏడాది, 1912లో, ఏనుగు ఏనుగులా కనిపించే కొత్త అచ్చుతో రూపాయి వచ్చింది.

నాణేలు సేకరించేవాళ్లు 1911 రూపాయిని ఇవాళ్టికీ ‘పంది రూపాయి’ అనే పిలుస్తారు. తూకంలో, వెండిలో 1912 రూపాయికీ దానికీ తేడా లేదు. అయినా ధరలో తేడా ఉంది. ఎన్ని ముద్రించారు అన్నదానికన్నా ఎన్ని మిగిలాయి, వాటి కోసం ఎంతమంది వెతుకుతున్నారు, మిగిలినవి ఏ స్థితిలో ఉన్నాయి అన్న మూడు లెక్కల మీదే పాత నాణేల వ్యాపారం నడుస్తుంది. వయసు ఈ లెక్కలో చాలా వెనక ఉంటుంది.

వయసుకూ ధరకూ సంబంధం ఎంత పలుచనో చెప్పడానికి ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ కథ చాలు. మద్రాసు ప్రెసిడెన్సీలో చెలామణి కోసం ఈస్టిండియా కంపెనీ ఇంగ్లాండులో ముద్రించిన రాగి కాసులను టన్నుల కొద్దీ వేసుకుని ఆ ఓడ బయల్దేరింది. మన కోస్తా జిల్లాలూ రాయలసీమా కూడా ఆ ప్రెసిడెన్సీలోవే. 1809 జనవరిలో ఇంగ్లాండు తీరం దాటకముందే, గుడ్విన్ శాండ్స్ అనే ఇసుక తిన్నెల్లో అది మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు ఆ కాసులను లక్షల్లో బయటికి తీశారు. మైనంలో పెట్టి పీపాల్లో సర్దినవి కావడంతో చాలావాటి మీద ముద్ర చెక్కుచెదరలేదు. గుంటూరు, నెల్లూరు సంతల్లో చేతులు మారాల్సిన ఆ 1808 నాటి కాసులు ఇప్పుడు అంతర్జాతీయ వేలం సైట్లలో దొరుకుతాయి. రెండు వందల ఏళ్లు దాటినా, కొత్తవాటిలా ఉన్నా, సామాన్యుడు కొనగలిగే ధరకే దొరుకుతాయి. కారణం ఒక్కటే, అవి లక్షల్లో ఉన్నాయి.

దీనికి సరిగ్గా ఎదురు కథ 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5, 10 రూపాయల నాణేలది. వాటిలో ఒక్కటి ఉంటే లక్షలు వస్తాయని ఏళ్ల తరబడి వీడియోలు తిరుగుతున్నాయి. అమ్మకాల సైట్లలోకి వెళ్లి చూస్తే నిజంగానే ఆ నాణేనికి లక్షల ధర పెట్టి కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. జనం నమ్మడానికి అదే ఆధారం. కానీ అడిగిన ధర ధర కాదు. ఎవరైనా తన బల్ల మీది పెన్సిలుకు పది లక్షలు అని రాసి పెట్టవచ్చు, దాన్ని ఆపే యంత్రం ఏ సైట్లోనూ లేదు. ఒక వస్తువు ధర తెలియాలంటే అమ్ముడుపోయిన లావాదేవీలు చూడాలి. ఈబేలో ‘అమ్ముడైనవి’ అన్న వడపోత ఉంది. నాణేల వేలం సంస్థలు పాత పాటల్లో ఏ లాటు ఎంతకు పోయిందో జాబితాలు పెడతాయి. బెంగుళూరులోని మరుధర్ ఆర్ట్స్, ముంబయిలోని టోడీవాలా ఆక్షన్స్ లాంటి సంస్థలు నాణేల వేలంపాటలు నిర్వహిస్తాయి. వాటి కేటలాగులు ఓ సాయంత్రం తిరగేస్తే, వంద వీడియోలు చెప్పని సంగతి బోధపడుతుంది. కోట్ల సంఖ్యలో చెలామణిలోకి వచ్చిన స్మారక నాణేలకు ముఖవిలువ మీద దక్కేది స్వల్పమే.

ఇంత తేలిగ్గా తేలే విషయంలో ఇంతమంది ఎందుకు మోసపోతున్నారన్న ప్రశ్నకు అర్థశాస్త్రంలో ఓ ప్రసిద్ధమైన జవాబు ఉంది. 1970లో జార్జ్ ఎకర్లాఫ్ పాత కార్ల వ్యాపారం మీద ఓ చిన్న వ్యాసం రాశాడు. కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారు యజమాని ఒప్పుకోడు, బజారు నుంచి తప్పుకుంటాడు. మిగిలేవి నాసి కార్లు. అప్పుడు సగటు ఇంకా పడిపోతుంది. సమాచారం ఒకవైపే ఉన్నప్పుడు బజారు తనంతట తానే కూలిపోగలదన్నది ఆయన వాదన. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన పనిలో ఇది మూలస్తంభం.

ఆన్‌లైన్‌లో నాణెం అమ్మకం ఈ చిక్కుకు అచ్చమైన ఉదాహరణ. కొనేవాడు నాణేన్ని తాకలేడు, తూచలేడు, అంచు తిప్పి చూడలేడు. పాతకాలం షరాబు రూపాయిని రాతి మీద వేసి టంగుమని మోగించి చూసేవాడు. ఆ మోత వెనక భౌతికశాస్త్రం ఉంది. గుండ్రటి లోహపు బిళ్ల దెబ్బ తగిలినప్పుడు కంపిస్తుంది. ఆ కంపనం ఎంత వేగంగా ఉంటుందన్నది లోహం స్థితిస్థాపకత మీద, సాంద్రత మీద, బిళ్ల మందం, వ్యాసం మీద ఆధారపడుతుంది. వెండి రూపాయి స్వరం సన్నగా, పొడుగ్గా సాగుతుంది. సీసం నింపిన నకిలీ బొద్దుగా పలికి ఆగిపోతుంది. తెర మీది బొమ్మ పలకదు. కాబట్టి చేతికీ చెవికీ తెలిసిన ఆ సమాచారమంతా ఇంకో రూపంలో కొనేవాడికి చేర్చాలి. ఆన్‌లైన్‌లో నాణేలు అమ్మే విద్యంతా, ఆ మాటకొస్తే దాని నిజాయితీ అంతా, ఇక్కడే ఉంది.

ఈబే 1995లో ‘ఆక్షన్ వెబ్’ పేరుతో పుట్టింది. పియరీ ఒమిద్యార్ మొదలుపెట్టిన ఆ సైట్లో మొట్టమొదట అమ్ముడైంది 14.83 డాలర్లకు ఓ విరిగిన లేజర్ పాయింటర్. ముక్కూముఖం తెలియనివాళ్లు ఒకరినొకరు ఎలా నమ్ముతారన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు రేటింగు. లావాదేవీ ముగిశాక కొన్నవాడూ అమ్మినవాడూ ఒకరి గురించి ఒకరు మంచో చెడో రాసేవారు, అది అందరికీ కనబడేది. మన దేశంలో ఈ తరహా సైటుగా బాజీ డాట్ కామ్ వచ్చింది. 2004లో ఈబే దాన్ని కొని ఈబే ఇండియాగా మార్చింది. 2017లో అది ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి, 2018 ఆగస్టులో మూతపడింది. అప్పటిదాకా అక్కడ రేటింగు పోగుచేసుకున్న చిన్న చిన్న నాణేల వ్యాపారులకు అది పెద్ద దెబ్బే. సరుకును మరో చోటికి తరలించుకోవచ్చు, పేరును తరలించుకోలేరు. ఇప్పుడు ఈ వ్యాపారం చాలావరకు వేలం సంస్థల సొంత వెబ్‌సైట్లలో, ఫేస్‌బుక్ బృందాల్లో, వాట్సాప్‌లో, ఓఎల్ఎక్స్ లాంటి చోట్ల నడుస్తోంది. ఈ చివరి మూడు చోట్లలో రేటింగు పద్ధతి బలహీనం. మోసాలు అక్కడే ఎక్కువ మొలకెత్తడం యాదృచ్ఛికం కాదు.

పేరుకు నిజంగా డబ్బు విలువ ఉంటుందా? దీన్ని కొలిచిన పరిశోధనల్లో ఒకటి నాణేల మీదే జరిగింది. 1999 జులై, ఆగస్టు నెలల్లో ఈబేలో జరిగిన 461 వేలాలను డేవిడ్ లకింగ్-రైలీ, ఆయన సహచరులు గమనించారు. సరుకు అమెరికా ‘ఇండియన్ హెడ్’ సెంటు. 1859 నుంచి 1909 వరకు ముద్రించిన ఆ రాగి నాణెం మీద స్వేచ్ఛాదేవత అక్కడి ఆదివాసుల ఈకల కిరీటం పెట్టుకుని కనిపిస్తుంది. ఏ సంవత్సరపు నాణేనికి, ఏ స్థితిలో ఉంటే ఎంత ధరో సేకర్తల మార్గదర్శి పుస్తకాల్లో ఉంటుంది కాబట్టి, ధరలో మిగతా తేడాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో విడదీయడం పరిశోధకులకు వీలైంది. తేలిందేమిటంటే, అమ్మేవాడి మీద చెడు రేటింగులు ధరను తగ్గిస్తాయి. మంచి రేటింగులు పెంచే మేర మాత్రం అంతకంటే చాలా తక్కువ. ఎక్కువ రోజులు నడిచిన వేలాల్లో ధర ఎక్కువ పలికింది. మూడు రోజుల్లో ముగిసిన పాట కన్నా పది రోజులు సాగిన పాట గణనీయంగా ఎక్కువ తెచ్చింది. వారాంతాన్ని కలుపుకుని నాలుగు రోజులు ఆగితే చూసే కళ్లు పెరుగుతాయి, నాణేల లాంటి సన్నని బజారులో ఒక్క అదనపు పాటగాడు చాలు ధర పైకి పోవడానికి.

మిషిగన్ విశ్వవిద్యాలయపు పాల్ రెస్నిక్ బృందం ఇంకో అడుగు ముందుకేసి ప్రయోగమే చేసింది. ఈబేలో మంచి పేరున్న ఓ వ్యాపారి పాత పోస్టుకార్డులను కొన్నిటిని తన పేరుతో, అలాంటివే మరికొన్నిటిని కొత్తగా తెరిచిన ఖాతాలతో అమ్మాడు. సరుకు ఒకటే, మనిషి ఒకడే. పాత పేరుకు సగటున 8.1 శాతం ఎక్కువ ధర వచ్చింది. ఏళ్ల తరబడి నిజం చెప్పినందుకు దక్కే వడ్డీ అది.

వేలం ఆఖరి క్షణాల్లో జరిగే హడావిడి మీద కూడా చదవదగ్గ పని ఉంది. ఎల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఈబేను అమెజాన్ అప్పట్లో నడిపిన వేలాలతో పోల్చారు. ఈబే పాట గడియారం కొట్టగానే ముగుస్తుంది. అమెజాన్‌లో చివరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మళ్లీ పెరిగేది. ఈబేలో అనుభవమున్నవాళ్లు చివరి సెకన్ల దాకా ఊరుకుని అప్పుడు పాడుతున్నారని, అమెజాన్‌లో ఆ ధోరణి బాగా తక్కువని తేలింది. నాణేల వేలాల్లో ఇది మరీ ఎక్కువ కనిపిస్తుంది, దానికి తగిన కారణమూ ఉంది. అపురూపమైన నాణేన్ని గుర్తుపట్టగలిగిన పండితుడు ముందే పాడితే, ఆ పాటే మిగతావాళ్లకు ‘ఇందులో ఏదో ఉంది’ అని చెప్పేస్తుంది. అందుకే తెలిసినవాడు నోరు మెదపడు. మొదటి రోజు ఎవరూ పాడలేదని బెంగపడే కొత్త అమ్మకందారు ఈ సంగతి తెలుసుకుంటే నిబ్బరంగా ఉండవచ్చు.

ఇక సరుకు దగ్గరికి వద్దాం. ఇంట్లో తాతల కాలం నాటి వెండి రూపాయి ఉందనుకుందాం. దాని గురించి నమ్మదగ్గ రుజువు పోగుచేయడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. నూరోవంతు గ్రాము దాకా చూపే చిన్న నగల త్రాసు, వెర్నియర్ కాలిపర్సు, ఓ బలమైన నియోడిమియం అయస్కాంతం, ఓ గ్లాసుడు నీళ్లు ఉంటే సరిపోతుంది.

బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. రూపాయే తులానికి కొలమానం. అందులో పన్నెండింట పదకొండు వంతులు, అంటే 91.7 శాతం వెండి. మిగిలింది రాగి. లెక్క కడితే ఒక్కో రూపాయిలో 10.69 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉంటుంది. ఆ రోజు గ్రాము వెండి ధరను దానితో హెచ్చిస్తే వచ్చేది ఆ నాణేనికి నేల ధర, అంతకన్నా తక్కువకు అమ్మడం తెలివితక్కువ. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక, 1940 నుంచి వెండిని సగానికి తగ్గించారు. 50 శాతం వెండి, 40 శాతం రాగి, చెరో 5 శాతం నికెల్, జింకు. బరువు మాత్రం అదే 11.66. 1947కు వచ్చేసరికి రూపాయి పూర్తిగా నికెల్ అయిపోయింది. రెండు రకాల వెండి రూపాయలూ చూడ్డానికి దాదాపు ఒకలాగే ఉంటాయి, తూకానికీ తేడా తెలియదు. మరి 91.7కీ 50కీ మధ్య తేడా ఇంట్లో ఎలా తేలుతుంది?

ఆర్కిమెడీస్ చెప్పిన ఉపాయంతోనే తేలుతుంది. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా నీళ్లలో మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే అంకె, నాణెం తోసేసిన నీటి బరువు. 91.7 శాతం వెండి సాంద్రత దాదాపు 10.3 కాబట్టి అంకె 1.13 గ్రాముల దగ్గర ఆగుతుంది. 50 శాతం వెండి రూపాయికైతే 1.22 దగ్గరికి వెళ్తుంది. వెండి పూత పూసిన రాగి-నికెల్ నకిలీకి 1.3 దాటుతుంది. నాణెం మీద ఒక్క గీత పడదు, ఒక్క రేణువు పోదు. ఈ అంకె కనబడేలా తీసిన ఫొటో అమ్మకం పేజీలో పెడితే, అది నూరు విశేషణాలకన్నా ఎక్కువ నమ్మకం తెస్తుంది.

అయస్కాంతానిది ఇంకో తమాషా. వెండిని అయస్కాంతం ఆకర్షించదు. కానీ ఏటవాలుగా పట్టుకున్న వెండి నాణెం మీద నియోడిమియం బిళ్లను జారిస్తే, అది నూనెలో జారినట్టు నెమ్మదిగా దిగుతుంది. కదిలే అయస్కాంతం మంచి విద్యుత్ వాహకంలో సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. ఆ ప్రవాహాల అయస్కాంత క్షేత్రం కదలికను అడ్డుకుంటుంది. రాగి కూడా అంతే మంచి వాహకం కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే వెండిని నిరూపించదు. అయితే అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటే మాత్రం అది వెండి కాదని తేలిపోయినట్టే. 1947 నికెల్ రూపాయి అతుక్కుంటుంది. 1980ల చివరి నుంచి వస్తున్న స్టెయిన్‌లెస్ స్టీలు చిల్లరా అతుక్కుంటుంది.

నగల కొట్లలో ఉండే ఎక్స్-రే ఫ్లోరసెన్స్ యంత్రం లోహాల శాతం క్షణంలో చెప్పేస్తుంది. దాని పరిమితి కూడా తెలిసి ఉండాలి. అది చదివేది పైపైన కొద్ది మైక్రాన్ల పొరనే. మందంగా పూత పూసిన నకిలీని అసలుగా చూపే ప్రమాదం ఉంది. అందుకే యంత్రం రిపోర్టు పక్కన నీటి తూకం కూడా ఉంటేనే కొనేవాడు నిశ్చింతగా ఉంటాడు.

నకిలీల్లో పోత పోసినవాటిని పట్టుకోవడం తేలిక. టంకశాలలో రెండు ఉక్కు అచ్చుల మధ్య టన్నుల ఒత్తిడితో ముద్ర పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది, అక్షరాల మొనలు పదునుగా తేలతాయి. పోతలో అలా జరగదు. అక్షరాలు మెత్తబడతాయి, గాలి బుడగల గుంటలు పడతాయి, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది. కష్టమంతా అసలు నాణేన్నే దిద్దిన నకిలీలతో. ఆరో జార్జి రూపాయల్లో 1938వి మామూలుగా దొరుకుతాయి. 1939వి అరుదు, ధర ఎన్నో రెట్లు. దాంతో 1938లోని చివరి అంకెను గీకి 9 చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. వెండి అసలుదే, బరువు అసలుదే, అబద్ధమంతా ఆ ఒక్క అంకెలో ఉంది. భూతద్దం కింద ఆ అంకె చుట్టూ నేల చదునుగా ఉందో లేదో చూడాలి. కాబట్టి 1939 రూపాయి అమ్మేవాళ్లు తేదీని పెద్దది చేసి, పక్క వెలుతురులో తీసిన ఫొటో విడిగా పెట్టాలి. అది లేని ప్రకటనను తెలిసినవాళ్లు తెరిచి కూడా చూడరు.

అసలు ఉనికిలోనే లేని నాణేలు మరో జాతి. ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసి, ఒకవైపు రామ పట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న ఇత్తడి, రాగి బిళ్లలు అమ్మకాల సైట్లలో కుప్పలుగా కనిపిస్తాయి. అవి చెలామణి నాణేలు కావు, తర్వాతి కాలంలో పూజ కోసమో అమ్మకం కోసమో తయారైన బిళ్లలు. కంపెనీ దేశమంతటికీ ఒకే తరహా నాణేలు తెచ్చింది 1835లో. వాటి మీద దేవుళ్లెవరూ లేరు. ఇక్కడ చరిత్ర ఇచ్చే ఓ మెలిక ఉంది. అంతకుముందు మద్రాసులో కంపెనీ ముద్రించిన బంగారు వరహాల మీద మాత్రం నిజంగానే శ్రీదేవి, భూదేవులతో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. ‘ముగ్గురు స్వాముల వరహా’ అని వాటికి పేరు. విజయనగరం నాటి ముద్రలకు అలవాటుపడిన జనం ఒప్పుకోవాలంటే కంపెనీకి వేరే దారి లేకపోయింది. ఆ నిజం వల్లే ఈ అబద్ధపు బిళ్లలు నమ్మశక్యంగా కనిపిస్తాయి.

హైదరాబాదు నాణేలు తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. చార్మినార్ బొమ్మతో ఉన్న నిజాం రూపాయిలో కాస్త తక్కువగా 81.8 శాతం వెండి ఉంటుంది. ఏడు నిజాం రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానంగా చెల్లేవి. చార్మినార్ ద్వారంలో ఓ చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఆ అక్షరం చదవకుండా ‘నిజాం నాణెం, చాలా పాతది’ అని రాసి అమ్మేవాళ్లు తమ సరుకు విలువ తామే పోగొట్టుకుంటున్నారు. నేటి చిల్లరకు కూడా ఇలాంటి చదువు ఉంది. సంవత్సరం కింద చుక్క గుర్తు ఉంటే నోయిడా, వజ్రం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, ఏమీ లేకపోతే కోల్‌కతా. 1803లో సికందర్ జా కాలంలో మొదలైన హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం అక్కడిదే. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు, సగం వెండి. ఇలాంటి స్మారక నాణేలను ప్రభుత్వ ముద్రణ సంస్థే తన వెబ్‌సైట్లో ప్రీమియం ధరకు అమ్ముతుంది. అందులో ఉన్న వెండి పదిహేడున్నర గ్రాములే అన్న సంగతి, రెండో చేతికి ఇంకా ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు చెప్పరు. కొనేవాళ్లు గుర్తుంచుకుంటే మంచిది.

ధరను నిలబెట్టేదీ పడగొట్టేదీ చివరికి నాణెం స్థితి. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికన్ సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఓ కొలమానం పెట్టాడు. 1980లలో పీసీజీఎస్, ఎన్జీసీ సంస్థలు దాన్ని తీసుకుని, నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఎకర్లాఫ్ చెప్పిన చిక్కుకు బజారు తనంతట తాను వెతుక్కున్న మందు అది, అమ్మేవాడి మాట మీద కాక మూడో మనిషి మాట మీద కొనడం. అయితే ఆ పెట్టెలకే నకిలీలు వచ్చేశాయి. సర్టిఫికెట్ నంబరును సంస్థ వెబ్‌సైట్లో కొట్టి, అక్కడి ఫొటోతో చేతిలోని నాణేన్ని పోల్చుకోవాల్సిందే.

మన ఇళ్లలో నాణేలకు జరిగే అతిపెద్ద అపకారం ప్రేమతోనే జరుగుతుంది. అమ్మేముందు శుభ్రం చేద్దామని రాగి కాసును చింతపండుతో, వెండి రూపాయిని పళ్లపొడితోనో బూడిదతోనో తోముతారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది గోధుమరంగు ఆక్సైడు పొరను కరిగించేస్తుంది. వందేళ్లు పట్టి ఏర్పడిన ఆ పొర లోహాన్ని కాపాడే కవచం. అది పోయాక బయటపడే పచ్చి గులాబీ రంగును సేకర్తలు దూరం నుంచే గుర్తుపడతారు. వెండి సంగతి ఇంకా సున్నితం. ముద్ర పడినప్పుడు లోహం అంచు వైపు పారిందని చెప్పుకున్నాం కదా, ఆ పారుదల కంటికి కనపడని కోట్ల గీతలను ఉపరితలం మీద వదిలిపెడుతుంది. నాణేన్ని దీపం కింద తిప్పితే వెలుగు చక్రపు ఆకుల్లా చుట్టూ తిరిగేది ఆ గీతల వల్లే. పళ్లపొడి రాపిడికి అవి చెరిగిపోతాయి. ఆ తర్వాత నాణెం మెరుస్తుంది, కానీ అన్ని వైపులా ఒకేలా, జీవం లేకుండా మెరుస్తుంది. ఆ మెరుపును మళ్లీ తెచ్చే మార్గం భూమి మీద లేదు. ఒక్క పూట తోమడంతో సగానికి పైగా ధర పోయిన నాణేలు బజారులో కొల్లలు.

నల్లబడిన వెండిని చూసి కంగారుపడనక్కర్లేదు. గాలిలోని గంధక వాయువులతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడు పొర కడుతుంది. ఆ పొర పలుచగా, నానోమీటర్లలో ఉన్నప్పుడు దాని పైతలం నుంచీ అడుగుతలం నుంచీ తిరిగివచ్చే కాంతి కిరణాలు ఒకదానితో ఒకటి కలిసి పసుపు, ఊదా, నీలం రంగులు పుట్టిస్తాయి. సహజంగా ఇలా రంగు తేలిన నాణేలకు ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లున్నారు. కనుక మట్టి ఉంటే స్వేదన జలంలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది వదిలేయడం మేలు. భద్రపరచడానికి మెత్తటి పీవీసీ కవర్లు వాడకూడదు. కాలం గడిచేకొద్దీ వాటిలోంచి ఊరే రసాయనాలు నాణెం మీద పచ్చని జిగురులా పేరుకుని రాగిని తినేస్తాయి. మైలార్ అంటించిన అట్ట హోల్డర్లు చౌకగానే దొరుకుతాయి.

చట్టం సంగతి చాలామంది అమ్మకందారులకు తెలియదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. అలాంటివాటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషేధం. అమెరికాలో ఉన్న మనవడికి ముత్తాత రూపాయలు కానుకగా పార్సిలు చేయాలనుకునేవాళ్లు ముందుగా తేదీ చూసుకోవాలి. ఏటా ఒక్కో సంవత్సరపు నాణేలు ఈ గీత దాటుతుంటాయి. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో దొరికినవాటిది ఇంకో చట్టం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేలు ఆ వంశపు తొలి చరిత్రనే తిరగరాయించాయి. అలాంటి నాణెం ఎక్కడ, ఏ పొరలో, వేటి పక్కన దొరికిందో తెలిస్తేనే అది చరిత్రకు పనికొస్తుంది. ఆ వివరం చెరిపేసి వాట్సాప్ గుంపులో అమ్మేస్తే మిగిలేది ఓ సీసపు ముక్క.

మోసాల్లో కొత్తగా పెరిగింది, కొనేవాడు అమ్మేవాడిని ముంచే రకం. ఎవరో ఫోన్ చేసి, మీ పాత నాణేనికి ఇరవై లక్షలు ఇస్తామంటారు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి, తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతికి కమీషన్ అంటారు. రిజర్వు బ్యాంకు ముద్రతో ఉత్తరం కూడా వాట్సాప్‌లో వస్తుంది. 2021 ఆగస్టు 4న రిజర్వు బ్యాంకే దీని మీద బహిరంగ ప్రకటన చేసింది. పాత నోట్లు, నాణేల లావాదేవీలు తాను చేయదని, అలాంటివాటికి రుసుముగానీ కమీషన్‌గానీ ఎన్నడూ అడగదని, తన తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టం చేసింది. ఈ వలలో పడేవాళ్లలో పెద్దవయసువాళ్లు, ఆసుపత్రి ఖర్చుకో పెళ్లి ఖర్చుకో డబ్బు కోసం ఇల్లంతా వెతికి పాత డబ్బా తెరిచినవాళ్లు ఎక్కువ. వాళ్ల అవసరాన్ని వేటాడుతున్న నేరం ఇది. నిజమైన కొనుగోలుదారు అమ్మేవాడిని డబ్బు అడగడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పని ఉండదు. అవి రెండూ డబ్బు పోవడానికే. ఒకవేళ పోతే ఆ గంటలోనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సొమ్ము దొంగ ఖాతా నుంచి మరో ఖాతాకు మారకముందే ఫిర్యాదు చేరితే, దాన్ని మధ్యలో నిలిపివేయడానికి బ్యాంకులకు వీలుంటుంది.